పేరు పెరిగింది

మా ఇంట్లో బియ్యం ఏనాడూ అయిపోలేదు, నిండుకున్నాయి. దీపం ఆరిపోలేదు, కొండెక్కింది. గడప దాటేవాళ్ళెవరూ పోతానని అనరు, వస్తానని చెప్పే వెళతారు. అలా చెప్పి కూడా కొందరు రాలేదు. అందుకే నాకు మాటలంటే ఇంకా భయం. చదవడం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. దుకాణాల బోర్డులూ పల్లీల పొట్లాల కాగితాలూ కూడబలుక్కుని నేర్చుకున్నాను. కాబట్టి నోటితో అన్నదే కాదు, రాసింది కూడా నిజమై కూర్చుంటుందేమోనని నా అనుమానం.

ఈ భయం పుణ్యమా అని మా మనవరాలు సుజన ఒక పూటంతా లేని తప్పును వెతుక్కుంది.

సుజన మా వనజ కూతురు. పిల్ల బడికి వెళ్ళే వయసులోనే వనజ వెళ్ళిపోయింది. వెళ్ళిపోయింది అంటాను, అంతకు మించి నా నోరు కదలదు. అప్పటినుంచీ మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక ఇంట్లో, మేమిద్దరమే. సుజన కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. లాడ్ బజార్ పక్క గల్లీలో లక్క గాజులు అమ్మే షఫీఉద్దీన్ భాయ్ ఈ మధ్య గాజు మీద పేరు చెక్కే చిన్న యంత్రం కొన్నాడు. దానికి ప్రోగ్రాము రాసే పని సుజనకే ఇచ్చాడు. పేరు టైపు చేస్తే తెర మీద గాజు కనిపిస్తుంది, గాజు చుట్టూ పేరు తిరుగుతుంది. అక్కడ ఎలా కనిపిస్తే యంత్రం అలాగే చెక్కుతుంది. పేరు చూపించడానికి కంప్యూటర్లో తయారుగా దొరికేవన్నీ నలుచదరపు డబ్బాలేనట. గుండ్రటి గాజు కావాలంటే ఎవరికి వాళ్ళు గీసుకోవలసిందేనట. సుజన గాజును గీసింది, దాని మీద పేరు ఎలా గీయాలో కంప్యూటర్‌కు చెప్పింది.

ఇంతలో పుణేలో ఒక కంపెనీ దాన్ని ఉద్యోగానికి పిలిచింది. సోమవారం సాయంత్రం లోపు ఏ సంగతో చెప్పమన్నారు.

"షఫీ మామూ దుకాణంల నా గాజు నిలబడ్డదనుకో, ఇంకో నాలుగు దుకాణాలోల్లు అడుగుతరు. ఈడనే ఉంట," అంది సుజన. "నిలబడకపోతే పుణే."

ఆ ఊరి పేరు నేను తిరిగి పలకలేదు, పలికితే నిజమై కూర్చుంటుందేమోనని.

శనివారం నాడు దుకాణంలో గాజుకు మొదటి పరీక్ష. సుజనకు ఆ పొద్దునే పుణే వాళ్ళతో ఫోన్ మాటలున్నాయి.

"నువ్వు బోయి దుకాణంల కూసో అమ్మమ్మా. ఏమన్నా గడ్‌బడ్ అయితే నాకు ఫోన్ కొట్టు. నేను ఈడికెల్లే సరిజేసి పంపిస్త."

నేను వెళ్ళేసరికి పెళ్ళికూతురు వచ్చి ఉంది. పేరు ప్రీతి. పక్కన తల్లి. షఫీ భాయ్ కళ్ళద్దాలు తుడుచుకుని కంప్యూటర్ ముందు పెద్దమనిషిలా కూర్చున్నాడు. ముందు ఇంగ్లీషులో కొట్టారు. పేరు గాజు చుట్టూ ముద్దుగా తిరిగింది.

"ఇంగ్లీషు ఎందుకు భాయ్? పెండ్లి గాజులాయె, మన తెలుగుల రాయిండ్రి. ఇద్దరి పేర్లూ రావాలె," అంది తల్లి.

ప్రీతే వంగి టైపు చేసింది. ప్రీతి, ప్రేమ్‌రాజ్.

తెర మీదికి వంగి చూశాను. ప ఒక చోట ఉంది. పక్కన ఒంటరిగా పొల్లు. ఆ తర్వాత ర. ప నెత్తిన ఉండాల్సిన గుడి దీర్ఘం వెళ్ళి ఎక్కడో చుక్కలతో గీసిన ఒక సున్నా మీద కూర్చుంది. పెళ్ళికొడుకు పేరు ఇంకా అన్యాయం. ముక్కలు ముక్కలుగా గాజంతా తిరిగి, మధ్యలో ఒక ఖాళీ డబ్బా కూడా వచ్చింది.

"ఇదేంది భాయ్? మా పిల్ల పేరు గిట్ల..." అని తల్లి ఆపేసింది. ఆ తర్వాతి మాట ఆమె నోటికీ రాలేదు. పెళ్ళి గాజు ఎదురుగా పెట్టుకుని ఎవరంటారు? గాజు పగిలితే మేము పెరిగింది అంటాం. షఫీ భాయ్ వాళ్ళ ఉర్దూలోనూ అంతే, చూడీ బఢ్ గయీ అంటారు. సాయంత్రం తలుపులు వేసేటప్పుడు కూడా దుకాన్ బఢావ్ అంటారు గాని మూయమనరు. ఎటు చూసినా మంచి మాటే. దానికి తోడు నాకు లోపల ఇంకో భయం. ఆ మాట నేను అంటే పేరుతోబాటు సుజన ఇక్కడ ఉండడం కూడా అదే దారిన పోతుందని.

ఫోన్ చేశాను.

"సుజనా, బిడ్డా, పేరు పెరిగింది."

"ఏందీ?"

"పేరు పెరిగింది బిడ్డా, గాజు మీద."

"ఓ, గంతేనా? ఎంత పెరిగింది?"

"మస్తు పెరిగింది. అక్షరం అక్షరం పెరిగింది."

"ఇద్దరియా?"

"పిల్లది జెర నయం. పిల్లగానిదే, ఏడికాడ పెరిగింది."

"ఫికర్ జెయ్యకు. ఇప్పుడే తగ్గిస్త."

తగ్గిస్తానంటే జ్వరం తగ్గించినట్టు నయం చేస్తుందనుకున్నాను. నా మనసు కుదుటపడింది. ప్రీతి తల్లికి కూడా ధైర్యం చెప్పాను. కాసేపటికి కొత్త ప్రోగ్రాము వచ్చింది. షఫీ భాయ్ పేర్లు మళ్ళీ కొట్టించాడు. అవే ముక్కలు, అదే చుక్కల సున్నా. కాకపోతే అన్నీ కాస్త చిన్నవయ్యాయి.

ఈసారి ఫోన్ ఆయన తీసుకున్నాడు.

"బేటా, నామ్ బఢ్ గయా."

"అభీ భీ, మామూ?"

"హౌ. ముందటి లెక్కనే. పూరా బఢ్ గయా."

ఇద్దరు పెద్దవాళ్ళు, రెండు భాషల్లో, ఒకటే మాట చెప్పాక పాపం ఆ పిల్ల ఇంక ఏం అనుమానిస్తుంది? మళ్ళీ తగ్గించింది. మేము మళ్ళీ పెరిగిందన్నాం. ఇంకా తగ్గించింది. చివరికి తెర మీద గాజు మాత్రం గాజంత ఉంది, పేరు చీమలబారు అయింది. షఫీ భాయ్ రాళ్ళ నాణ్యం చూసే భూతద్దం తెచ్చి తెరకు ఆనించాడు.

"ఇగో, ఇప్పుడు కూడా పెరిగే ఉన్నది," అన్నాడు దిగులుగా.

"పేరే కనవడ్తలేదు. ఇగ పెరిగితే ఏంది, పెరగకుంటే ఏంది?" అంది ప్రీతి తల్లి. "మేము వేరే దుకాణం చూసుకుంటం భాయ్."

"బైఠో బహెన్, బైఠో. చాయ్ ఆ రహీ."

ప్రీతి మాత్రం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఫోటో పంపమని సుజన అడిగితే షఫీ భాయ్ తన ఫోన్‌తో తీసి పంపాడు. ఆ ఫోన్ కెమెరా అద్దం కూడా ఎప్పుడో పెరిగింది. ఫోటోలో ట్యూబులైటు వెలుగూ ఆయన బొటనవేలూ తప్ప ఏమీ రాలేదట. సుజనకు ఓపిక నశించి, ఆటో ఎక్కి తనే వచ్చేసింది.

వచ్చీ రాగానే చెప్పులు విడిచి తెర ముందుకు వెళ్ళింది. అక్షరాలను పాత సైజుకు తెచ్చింది. చూసింది. నావైపు తిరిగింది.

"అమ్మమ్మా! ఇది పెరిగిందా? ఇది విరిగింది!"

షఫీ భాయ్ "తౌబా, తౌబా" అంటూ చెంపలు వేసుకున్నాడు. ప్రీతి తల్లి కూతురి రెండు చెవులూ మూసింది. నేను సుజన నోరు మూశాను.

"చూడియోంకీ దుకాన్ హై బేటా, గాజుల దుకాణం! గట్ల అంటరా?" అన్నాడు షఫీ భాయ్.

సుజన నా చెయ్యి తీసేసింది. "మరి పెరిగింది అంటే?"

"గదే," అన్నాను.

"ఏది గదే?"

"నువ్వు ఇప్పుడు అన్నదే."

"మామూ, మీరు బఢ్ గయా అన్నది?"

"వహీచ్," అన్నాడు షఫీ భాయ్, గొంతు తగ్గించి.

"పొద్దటిసంది ఇద్దరు గల్సి నాతోని అక్షరాలు చిన్నగ జేయించిండ్రు గదా! ఇంకొక్కపాలి ఫోన్ జేస్తే అక్షరమే లేకుంట జేస్తుంటి!" అని సుజన తల పట్టుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేక గాజుల డబ్బాలకు ఆనుకుంది. ప్రీతి అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. తల్లికి కూడా నవ్వొచ్చింది గాని వేరే దుకాణానికి వెళతామన్న బెదిరింపు వీగిపోతుందని బిగబట్టుకుంది.

సుజన షఫీ భాయ్ కుర్చీలో కూర్చుంది. లోపలి రాత తీసి చూస్తూ గొణుక్కుంది. గాజు గుండ్రం కాబట్టి పేరును ఒక్కొక్క గుర్తుగా విడదీసి, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా వంచి పెట్టిందట. ఇంగ్లీషుకు అది సరిపోయింది. తెలుగులో వత్తూ గుణింతమూ కూడా కంప్యూటర్ లెక్కకు విడి గుర్తులేనట. వాటిని వాటి అక్షరం నుంచి విడదీసి పక్కన కూర్చోబెట్టింది.

"నువ్వు ఇంట్ల తెలుగుల రాసి చూసినవ్ గదా బిడ్డా? అప్పుడు మంచిగనే వచ్చె."

"చూసిన. అమ్మ పేరే రాసి చూసిన అమ్మమ్మా. ఎప్పుడైనా ముందుగాల అదే రాస్త."

వనజ. మూడక్షరాలూ ఒంటివే. వత్తు లేదు, గుడి లేదు. విడిపోవడానికి వాటి పక్కన ఏదీ లేదు. నేను గాజుల వరస సర్దే నెపంతో అటు తిరిగాను.

అంతలో ప్రీతి తల్లి చాయ్ తాగేసింది. చాయ్ అయిపోతే ఆమెను ఆపేదేమీ లేదని షఫీ భాయ్ ఇంకో చాయ్ చెప్పాడు.

సుజన ముందు కోపం కొద్దీ పేరంతా ఒకే ముద్దగా గీయమంది. వత్తులు వచ్చి చేరాయి. కానీ పేరు కట్టెలా నిటారుగా నిలబడి, గాజును దాటి గాల్లోకి వెళ్ళిపోయింది.

"అరే, ఇది గాజా, బాణమా?" అన్నాడు షఫీ భాయ్.

"ఉండు మామూ." ఈసారి వత్తులూ గుణింతాలూ ఏ అక్షరానివి ఆ అక్షరంతోనే ఉంచి, అక్షరాన్ని మాత్రం దేనికదే తిరగనిచ్చింది. ప్రీ వచ్చింది. తి వచ్చింది. గాజు వంపులో ఒదిగి కూర్చున్నాయి. ప్రీతి చప్పట్లు కొట్టింది.

పెళ్ళికొడుకు పేరులో మాత్రం మ్ తర్వాత ఆ ఖాళీ డబ్బా అలాగే ఉంది. సుజన దాన్ని తీసి పారేసింది. అంతే, మ్ కిందికి ర వత్తు వచ్చి అతుక్కుంది. ప్రేమ్రాజ్.

"గిది తప్పక్కా," అంది ప్రీతి. "ప్రేమ్, రాజ్. నడుమ జెర ఆగాలె. గిట్ల రాస్తే ఎవలో వేరేటోల్లు అనిపిస్తది."

"ఓసి, పెండ్లిగాకముందే మొగని పేరు పలుకుతున్నవా?" తల్లి మోచేత్తో పొడిచింది.

"పలుకకపోతే వేరేటోని పేరు ఏసుకోని తిరగాలె గదనే అమ్మా!"

షఫీ భాయ్ నవ్వి చాయ్ ఒంటి మీద ఒలకబోసుకున్నాడు. సుజన మాత్రం కదలకుండా తెరను చూస్తోంది. తర్వాత నెమ్మదిగా నాకు చెప్పింది.

"ఆ డబ్బా ఖాళీది కాదు అమ్మమ్మా. ఆడ ఒక గుర్తు ఉన్నది. కండ్లకు కనవడది. ఆ రెండక్షరాలు అతుక్కోకుంట చూసుడే దాని పని. నేను చెత్త అనుకోని పారేసిన. అది ఉండాలె. కనవడకుంట ఉండాలె."

అక్షరాలను కలిపేవి ఉన్నాయంటే బాగుంది గాని, కలవకుండా చూడడానికి కూడా ఒక గుర్తును కనిపెట్టిన మనిషి ఎవరా అని నాకు కొంచెం కోపం వచ్చింది. సుజన దాన్ని తిరిగి దాని చోట పెట్టింది. ప్రేమ్, రాజ్ పక్కపక్కనే నిలబడ్డాయి. మధ్యలో ఒక ఊపిరంత జాగా. పేరు నిక్షేపంగా ఉంది.

యంత్రం సన్నగా గుర్రుమంటూ చెక్కింది. ప్రీతి గాజు తొడుక్కుని చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. తల్లి ఇంకో రెండు జతలకు చెప్పింది, బెదిరింపు సంగతి మరిచిపోయి.

నేను ఆశగా షఫీ భాయ్ మొహం చూశాను. ఆయన గడ్డం నిమిరాడు.

"తెలుగు అయ్యింది. మా ఉర్దూ? ఈ బజార్ల సగం పేర్లు ఉర్దూల అడుగుతరు బేటా. అది గూడ వస్తే పక్కా."

ఉర్దూ పేరు కొట్టి చూస్తే అదీ ముక్కలే. అక్కడ అక్షరాలు చాలావరకు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయట, తెలుగుకు చేసిన వైద్యం దానికి పనికిరాదట. చెయ్యి విడిపించకుండా మాటంతా ఒకేసారి వంచాలట. సుజన ఆదివారమంతా దాంతోనే కుస్తీ పట్టింది. నేను చప్పుడు చేయకుండా వండి పెట్టాను. సాయంత్రానికి అయిందని పంపించింది. షఫీ భాయ్ నుంచి జవాబు లేదు.

సోమవారం పొద్దున ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. షఫీ భాయ్.

"నీలమ్మా! కామ్ బఢ్ గయా! పూరా బఢ్ గయా! జల్దీ ఆవో!" వెనక ఏదో లొల్లి. ఫోన్ కట్టయింది.

ఫోన్ కింద పెట్టి చెప్పాను. "బిడ్డా, పని... పెరిగిందట."

సుజన మొహం చిన్నబోయింది. లాప్‌టాప్ తెరిచి పుణే వాళ్ళకు రాయడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి మూత వేశాను.

"ముందుగాల చూసొద్దాం. చూడకుంట ఏమీ రాయకు. రాస్తే అయితది."

ఆటో ఎక్కాం. చార్మినార్ దగ్గర బండ్లు ఆగిపోతే, ఎప్పుడూ విసుక్కునే నేను ఇంకాసేపు ఆగితే బాగుండనుకున్నాను. దాని పెట్టెలో ఏ చీరలు మడిచి పెట్టాలో, పుణేలో మన పచ్చడి దొరుకుతుందో లేదో, దుకాణం చేరేలోపల అన్నీ ఆలోచించేశాను. పిల్ల చీరలు కట్టదని గుర్తొచ్చింది కూడా దిగేటప్పుడే.

దుకాణం ముందు జనం. పక్క దుకాణాల వాళ్ళు, గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు, అందరూ తెర మీదికి మెడలు చాచి ఉన్నారు. తెర మీద గాజు. గాజు చుట్టూ ఉర్దూలో ఒక పొడవాటి పేరు. పట్టుకోవలసిన చెయ్యి ఎక్కడా విడవకుండా దాదాపు గాజంతా చుట్టి వచ్చింది. షఫీ భాయ్ తన బేగం పేరు కొట్టుకున్నాడు, ఇక్బాలున్నీసా.

సుజన గుంపులోంచి దూరి వెళ్ళి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"మామూ! కామ్ బఢ్ గయా అంటే ఏ బఢ్‌నా? సీదా చెప్పుండ్రి!"

"అరే బేటా, అస్లీ బఢ్‌నా! ఎక్కువయ్యింది! పొద్దటిసంది ఊపిరాడ్తలేదు. ఈ ముగ్గురు దుకాణాలోల్లు మాకు గూడ కావాలంటున్నరు. పైనున్న కమ్రా ఖాళీ జేసిన, రేపటికెల్లి ఆడ కూసోని పని జెయ్యి."

"మరి ఫోన్ల గట్ల చెప్తరా? మా అమ్మమ్మ పానం పోయేటట్టున్నది!"

"సుజనా!" అన్నాను.

"సారీ అమ్మమ్మా. పానం... పెరిగేటట్టున్నది."

అందరూ నవ్వారు. నేను కూడా, చెంపలు వేసుకుంటూనే. పుణే వాళ్ళకు సుజన అక్కడే మెట్టు మీద కూర్చుని ఫోన్‌లో జవాబు రాసింది. రాసింది నేను పక్కన కూర్చుని రెండుసార్లు చూశాను. ఇంగ్లీషు నాకు రాదు, అయినా చూశాను.

మర్నాడు అది బయల్దేరుతుంటే నేను కూడా చీర మార్చుకుని, సంచీలో నీళ్ళసీసా పెట్టుకుని తయారయ్యాను.

"నువ్వేడికి?"

"దుకాణంల కూసుంట. కాపలా."

"వద్దు అమ్మమ్మా. నువ్వు ఇంట్ల ఉండు." సంచీ తీసుకుని మేకుకు తగిలించింది. "నడుమ జెర జాగ ఉండాలె. ప్రేమ్‌రాజ్ లెక్క."

"అయితే గంటకోపాలి ఫోన్ జేస్త."

"మధ్యాహ్నం ఒక్కసారి."

"మధ్యాహ్నం ఒకపాలి, చాయ్ తాగేటప్పుడు ఒకపాలి."

"సరే. ఏదన్నా పెరిగిందని మాత్రం చెప్పకు."

చెప్పులు వేసుకుని గడప దాటింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. దాని నోట్లోంచి ఏ మాట వస్తుందా అని ప్రతిసారీ లాగే చెవులు రిక్కించాను. గల్లీ మలుపు దగ్గర ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"సాయంత్రం దుకాణం పెరగంగనే వస్త అమ్మమ్మా!"

ఆటోవాడు దాన్ని వింతగా చూశాడు. నేను లోపలికి వచ్చి బియ్యం డబ్బా మూత తీశాను. నిండుకున్నాయి. సాయంత్రం వచ్చేటప్పుడు తెమ్మని చెప్పాలి. మధ్యాహ్నం దాకా ఆగాలి గదా మరి.